లోపల వదిలిన బట్ట

మార్చి 4

గ్రాముల మేడమ్ రాయమన్న పుస్తకం వేరే ఉంది. ఆసుపత్రిలో ఏం తినాలో చెప్పే ఆవిడకి నేను పెట్టుకున్న పేరది. ఏది అడిగినా గ్రాముల్లోనే చెబుతుంది. రోజూ ఏం తిన్నానో ఆ పుస్తకంలో రాసి నెలకోసారి ఆవిడకి చూపించాలి. ఒకరికి చూపించే పుస్తకంలో నిజం రాసేంత ధైర్యం నాకు లేదు. అందుకే ఇది కొన్నాను. నా టైలరింగ్ కొట్లో గుండీల డబ్బాల వెనక పెడతాను. ఆ డబ్బాల జోలికి నేను తప్ప ఎవరూ రారు.

పొట్ట చిన్నది చేసే ఆపరేషన్ అయి ఇవాళ్టికి నలభై రెండు రోజులు. ఇక మెత్తగా ఉడికింది ఏదైనా తినొచ్చట. మధ్యాహ్నం కొట్టు తలుపు దగ్గరికి వేసి, ఉడికిన గుడ్డు చెంచాతో మెదిపి తిన్నాను. సగానికే చాలంది. నలభై మూడేళ్ళలో నా కడుపు ఏనాడూ అనని మాట. సంతోషించాల్సింది పోయి ఏడుపొచ్చింది. మిగిలిన సగం గుడ్డును చూస్తూ చాలాసేపు కూచున్నాను. తర్వాత కాగితంలో చుట్టి పారేసి, మిషను తొక్కడం మొదలుపెట్టాను.

మార్చి 9

గర్భసంచి తీయించుకున్నానని అందరికీ చెప్పాం. ఆ మాట చెబితే మగవాళ్ళు ఆ వైపుకే రారు, ఆడవాళ్ళు అయ్యో అని ఊరుకుంటారు. ఈ తెలివి నాదే. ఎవరికీ చెప్పనని మా ఆయన చేత ఒట్టు కూడా వేయించుకున్నాను. కరెంటు పనివాడు, నోట్లో మాట దాగదు, అయినా ఇంతవరకు నిలబెట్టుకున్నాడు.

చెబితే ఏమవుతుందని ఆయన అడిగాడు. ఏమవుతుంది? నోరు కట్టుకోవడం చేతకాక కత్తితో కోయించుకుందంటారు. ఎవరో అనడం దేనికి, అద్దంలో చూసుకున్నప్పుడల్లా నేనే అంటున్నాను.

మార్చి 14

శనివారం. చిట్టి వచ్చింది.

చిట్టి మా ఆయన చెల్లెలు. బళ్ళో పాటల టీచరు. వెనక వీధిలో మా అత్తయ్యతో ఉంటుంది. పేరుకే చిట్టి, మనిషి నాకు సరిజోడు. పోయిన మా మామగారు మమ్మల్నిద్దరినీ జోడు లారీలు అనేవారు. మాకు కోపం వచ్చేది కాదు. ఒక్కరినే అని ఉంటే వచ్చేదేమో. పదకొండేళ్ళుగా ప్రతి శనివారం బడి వదలగానే చిట్టి సంచీ నిండా తినుబండారాలతో మా కొట్టుకి రావడం, తలుపేసుకుని ఇద్దరం తినడం, నవ్వడం. ఎవరెంత తిన్నారో ఎవరూ చూడరు. నాకున్న ఒకే ఒక్క స్నేహం అది.

ఇవాళ పెద్ద కేకు తెచ్చింది. కుట్లు మానేదాకా తీపి తినొద్దన్నారని చెప్పాను. తను ఒక ముక్క తిని పెట్టె మూసేసింది.

"నువ్వు తినకపోతే నాకూ ఎక్కట్లేదు వదినా. నువ్వు బాగయ్యాకే తిందాంలే" అంది.

బాగానే ఉన్నాను. అదే కదా చెప్పలేకపోయింది.

ఏప్రిల్ 4

ఇరవై కిలోలు తగ్గాను. ఇక దాగదు. బ్యాంకావిడ కొలతలివ్వడానికి వచ్చి, నన్ను చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏంటండీ ఇంత సన్నబడ్డారు! ఏం చేశారు?"

"వాకింగండీ. పొద్దున్నే గంట నడక. రాత్రి తిండి మానేశాను. అంతే."

ఎవరో పక్కనుంచి అందిచ్చినట్టు అంత నున్నగా వచ్చింది మాట. నా జన్మలో నేను గంటసేపు నడిచింది లేదు. బ్యాంకావిడ మెచ్చుకుని వెళ్ళింది. వెనక్కి తిరిగి చూద్దును కదా, స్టూలు మీద చిట్టి. బిస్కెట్ చేతిలో పట్టుకుని నోరు తెరిచి నన్నే చూస్తోంది.

"నాకు చెప్పనేలేదేంటి వదినా?" అంది.

ఏప్రిల్ 5

పొద్దున్నే చిట్టి ఫోన్. రేపట్నుంచి నాతోపాటు నడుస్తుందట.

ఏప్రిల్ 9

అబద్ధం ఆడినందుకు నాకు రోజూ గంట నడక శిక్ష పడింది. కాలవ గట్టు చివరిదాకా వెళ్ళి రావాలి. చిట్టి ఆయాసపడుతూనే మాట్లాడుతుంది, పాడుతుంది కూడా. నేను వింటూ నడుస్తాను. రోజూ చెప్పాలనే బయలుదేరుతాను. గట్టు మలుపు దగ్గర చెబుదాం అనుకుంటాను. మలుపు తిరిగాక, వచ్చేటప్పుడు చెప్పొచ్చులే అనుకుంటాను.

జుట్టు ఊడుతోంది. దువ్వెన చూస్తే భయం వేస్తోంది. చేతుల కింద చర్మం వేలాడుతోంది. నిండు చేతుల చొక్కాలు కుట్టుకున్నాను. పాత బట్టలన్నీ బిగించాను కానీ లోపల మిగిలిన బట్ట కత్తిరించలేదు. మళ్ళీ అవసరం పడుతుందని నాకు తెలుసు. తెలుసు అని రాశాను చూడు.

ఏప్రిల్ 25

చిట్టి కొలత తీయమంది. మూడు వారాలు నడిచింది, రాత్రి తిండి పూర్తిగా మానేసింది. టేపు పెట్టాను. నడుము అంతే ఉంది. ఒక్క గీత కూడా జరగలేదు. మొదటి నెలలో ఒక్కోసారి అంతే, ఒళ్ళు మొండికేస్తుంది. ఆ మాట చెప్పేలోపే తను పరదా వెనక్కి వెళ్ళిపోయింది. బట్టలు మార్చుకునే ఆ మూల నుంచి వెక్కిళ్ళు వినబడ్డాయి.

"నీకు తగ్గుతుంది, నాకు తగ్గదు. ఇద్దరం ఒకటే తిన్నాం కదా ఇన్నేళ్ళూ. నా ఒంట్లోనే ఏదో దరిద్రం ఉంది వదినా."

పరదాకి ఇవతల నేను, చేతిలో టేపు. రెండు మాటలు చాలు. టేపు వేలికి చుట్టి, విప్పి, మళ్ళీ చుట్టాను.

గుండీ ఊడిందని తన నీలం కోటు ఇచ్చి వెళ్ళింది. బళ్ళో టీచర్లందరూ వేసుకునే కోటు. అది కుట్టింది నేనే. ఒళ్ళున్న మనుషులకి నేను పక్కలమ్మట లోపల బట్ట ఎక్కువ వదిలి కుడతాను, రేపు బిగుతైతే విప్పి వదులు చేయొచ్చని. అడగకుండానే చేస్తాను. ఆ అవమానం నాకు తెలుసు కనక.

ఏప్రిల్ 26

గుండీ కుట్టాను. తర్వాత పక్క కుట్లు విప్పాను. అటు అరంగుళం, ఇటు అరంగుళం వదిలి మళ్ళీ కుట్టాను. నీలం దారం అయిపోయింది. లోపలి కుట్టే కదా, ఎవరు చూస్తారని నల్లదారం ఎక్కించాను. పాత కుట్టు చిల్లులు కనబడకుండా తడిగుడ్డ వేసి ఇస్త్రీ చేశాను.

ఏడుస్తుంటే చూడలేకే చేశాను. అందుకే.

ఏప్రిల్ 30

"వదినా! చూడు, చూడు! బట్ట పిడికిట్లోకి వస్తోంది!"

కొట్టు మధ్యలో నిలబడి కోటు పక్కలు పట్టుకుని గిర్రున తిరిగింది. నా బుగ్గ మీద ముద్దు పెట్టింది. కొలత తీయమంటే టేపు కనబడటం లేదన్నాను. టేపు నా జేబులో ఉంది.

సంతోషంగా ఉంది తను. మంచిదే కదా.

మే 11

రాయకూడదనుకున్నాను. రాస్తాను.

ముద్ద ఏదైనా మూడు చెంచాలకి గొంతు దగ్గర ఆగిపోతుంది. మాంసం ముక్క అయితే మరీను, నురగలాగా పైకి తన్నుకొస్తుంది. కానీ చిక్కటి తీపి పాలు జారిపోతాయి. ఎక్కడా ఆగవు. ఆ సంగతి పది రోజుల క్రితం కనిపెట్టాను. ఇవాళ డబ్బా తెచ్చుకుని పరదా వెనక నిలబడి చెంచాతో సగం తాగాను. చిట్టి ఏడ్చిన చోటే. పావుగంటకి ఒళ్ళంతా చెమట, గుండె దడదడ, కడుపులో మెలి. నేల మీద పడుకున్నాను. బయట ఎవరో "టైలరమ్మా, ఉన్నారా?" అని పిలుస్తున్నారు. కుర్తా ఆల్టరేషన్ కోసం వచ్చిన పక్క వీధి డ్రైవర్ భార్య. ఊపిరి బిగబట్టి, ఆవిడ వెళ్ళేదాకా పలకలేదు. నా కొట్లో నేనే దొంగనయ్యాను.

కడుపు కోయించుకుని కూడా బుద్ధి రాలేదు. ఇంకేం కోయించుకోవాలి? ఇక చెయ్యను.

మే 12

చెయ్యలేదు.

మే 13

నిన్న రాసింది అబద్ధం.

మే 20

గ్రాముల మేడమ్ నా పుస్తకం చూసింది, తూకం చూసింది, మళ్ళీ పుస్తకం చూసింది.

"పుస్తకం ప్రకారమైతే మీరు ఇంకో నాలుగు కిలోలు తగ్గాలమ్మా" అంది.

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. ఇంట్లో ఎవరితో కలిసి తింటున్నారని అడిగింది. ఒక్కదాన్నే తింటానన్నాను. మెల్లగా తింటే ఎందుకని అడుగుతారు, ఉమ్మేస్తే చూస్తారు, అందుకే.

"ఊరందరికీ చెప్పమనను. పక్కన కూచుని తినే మనిషికి ఒక్కరికి చెప్పండి. దాక్కుని తినేవాళ్ళకి తీపే దిక్కవుతుంది. నేను చాలామందిని చూశాను."

బయటికొచ్చి మెట్ల మీద కూచున్నాను. పక్కన కూచుని తినే మనిషి అనగానే ఒక్క ముఖమే గుర్తొచ్చింది.

మే 28

చిట్టి మధ్యాహ్నం తిండి కూడా మానేసిందని అత్తయ్య చెప్పింది. గొప్పగా చెప్పింది. "వదినని చూసి పట్టుదల నేర్చుకుందమ్మా. నిన్ను చూసే." సాయంత్రాలు కూడా నడుస్తోందట.

మా ఆయన అన్నం ముందు కూచుని అన్నాడు.

"చెల్లి ముఖం చూశావా? పీక్కుపోయింది. నీకెలా తగ్గిందో ఇకనైనా చెప్పెయ్యవే."

"బాగానే తగ్గుతోందిగా. మీకేం తెలుసు, మీరూరుకోండి."

ఒట్టు వేసినందుకు ఆయన ఊరుకున్నాడు. కోటు ఇప్పుడు నిజంగానే వదులైంది. తగ్గితే తనకే మంచిది. మంచిదే.

జూన్ 6

గట్టు మీద ఇవాళ చిట్టి పాడలేదు. ఎందుకని అడిగితే ఊపిరి నిలబడటం లేదంది. బళ్ళో వేసవి పాటల క్లాసులో కూడా పిల్లల చేత పాడించి తను వింటోందట. పెదాలు పగిలి ఉన్నాయి. మలుపు దగ్గర చెయ్యి పట్టుకుని ఆపాను.

"చిట్టీ, నీకో మాట చెప్పాలి."

"చెప్పు."

ఎదురుగా బ్యాంకావిడ. మమ్మల్ని చూసి చేతులూపుతూ వచ్చింది. మిమ్మల్ని చూసి మా ఆఫీసులో నలుగురం మొదలుపెట్టామండీ అంది. తర్వాత ముగ్గురం కలిసి నడిచాం.

ఆవిడ కనబడగానే నా ప్రాణం లేచొచ్చింది. అది మాత్రం ఎప్పటికీ మర్చిపోను.

జూన్ 12

చిట్టి బళ్ళో మెట్ల మీద నుంచి పడిపోయింది. కళ్ళు తిరిగాయట. ఎడమ మణికట్టు విరిగింది, గడ్డం కింద నాలుగు కుట్లు. సెలైన్ ఎక్కిస్తున్నారు. ఒంట్లో రక్తం లేదు, ఎన్నాళ్ళుగా తినడం లేదని డాక్టరు అత్తయ్యని కేకలేశాడు.

అత్తయ్య నన్ను పట్టుకుని ఏడ్చింది. "నీలా అవ్వాలనుకుందే పిచ్చిది. నీకున్న ఒంటిశక్తి దానికేదీ?"

తల కొట్టేసినట్టయింది. నిలబడే ఉన్నాను. ఆవిడ వీపు నిమిరాను కూడా.

జూన్ 13

కట్టు వేయడానికి కోటు చెయ్యి కత్తిరించారట. అత్తయ్య కోటు నాకిచ్చి బాగుచేయమంది. బల్ల మీద పరిచాను. మడత పెట్టాను. మళ్ళీ పరిచాను. ముట్టుకోవడం నా వల్ల కాలేదు.

జూన్ 15

జరిగింది జరిగినట్టు రాయాలి.

వార్డులో అత్తయ్య మందులకి వెళ్ళింది. చిట్టి మంచం పక్కన కూచున్నాను. ఎలా మొదలుపెట్టాలో దారంతా అనుకుంటూ వచ్చాను. ముందు కోటు సంగతి చెప్పి, తర్వాత రెండోది చెప్పాలనుకున్నాను.

"చిట్టీ, నీ కోటు ఉంది చూడు..."

"నల్లదారం సంగతా?" అంది.

కుర్చీ మంచానికి దగ్గరగా జరుపుకున్నాను.

"మే నెల మొదట్లోనే చూశాను వదినా. ఇస్త్రీ చేద్దామని తిరగేస్తే కనబడింది. పాత చిల్లులు కూడా ఉన్నాయి. పదకొండేళ్ళు నీ కొట్లో కూచున్నదాన్ని, ఆమాత్రం తెలీదా?"

"మరి అడగలేదేం?"

"ఏమని అడగను? నన్ను చూసి నీకంత జాలేసిందా అనుకున్నాను. దొంగతనంగా నా కోటు వదులు చేసేంత జాలి. చచ్చే సిగ్గేసింది. నిజంగానే తగ్గి, ఆ కోటు నీ ముందుకి తెచ్చి, ఇంక బిగించు వదినా అనాలనుకున్నాను. అందుకే మధ్యాహ్నం కూడా మానేశాను."

గడ్డం కింద కుట్లు లాగుతున్నాయేమో, మెల్లగా, పెదాలు కదపకుండా మాట్లాడింది. ఇన్నాళ్ళూ సిగ్గంతా నా ఒక్కదాని సొత్తనుకున్నాను. ఆ సిగ్గునే నేను కుట్టి తన ఒంటికి తొడిగానన్నమాట.

లేచి మంచం చుట్టూ ఉన్న పరదా లాగాను. చొక్కా ఎత్తాను. పొట్ట మీద ఐదు గాట్లు. చిట్టి చూసింది. ఏమిటవి అని అడగలేదు, వేలు చూపిస్తూ లెక్కపెట్టింది.

"గర్భసంచి కాదు. పొట్ట. చాలా భాగం కోసి తీసేశారు. నడకా లేదు, గిడకా లేదు. నీతో నడవడానికి ముందు నేనొక్కరోజు నడవలేదు. నీకు తగ్గకపోవడం నీ తప్పు కాదు చిట్టీ. నాకైనా అలా తగ్గేది కాదు."

"అన్నయ్యకి తెలుసా?"

"తెలుసు. నేనే ఒట్టు వేయించుకున్నాను. ఆయన్నేమీ అనకు."

పైకప్పు వైపు చూసింది. కళ్ళ పక్కలనుంచి నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి. తుడవబోతే ముఖం తిప్పుకుంది.

"ఆపరేషన్ చేయించుకుంటే ఏమైంది వదినా? ముందే చెబితే నేనే వచ్చి నీ పక్కన పడుకునేదాన్ని కదా ఆసుపత్రిలో. పోనీ చెప్పలేదు. రోజూ పొద్దున్నే నీ పక్కన నడిచాను. ఊపిరాడక ఆగిపోతుంటే నువ్వు నిలబడి చూశావు. అప్పుడు కూడా చెప్పలేదు. ఇంక వెళ్ళు."

"చిట్టీ..."

"వెళ్ళు వదినా."

వచ్చేశాను.

జూన్ 16

వెళ్ళాను. నిద్రపోతోందని చెప్పించింది.

జూన్ 17

పాలడబ్బా కొన్నాను. తెరిచాను. మురిక్కాలవలో పోశాను. నిజం. సగం పోశాను. నిజంగా నిజం ఏమిటంటే, రెండు చెంచాలు తాగాక పోశాను.

జూన్ 24

అత్తయ్యకి చెప్పాను. తిడుతుందని ముందే తలొంచుకుని కూచున్నాను. ఆవిడ మొత్తం విని, నా పొట్ట వైపు చూసింది.

"అయితే నీకు గర్భసంచి ఉందా?"

"ఉందత్తయ్యా."

"నీకోసం ఐదు నెలలు వాళ్ళకీ వీళ్ళకీ చెప్పి బాధపడ్డాను కదే! అబద్ధానికి ఇంకేమీ దొరకలేదా నీకు?"

నవ్వొచ్చింది నాకు. ఆవిడకి రాలేదు. లేచి వెళ్ళిపోతూ గుమ్మంలో ఆగి, చిట్టి ఇప్పుడు రెండు పూటలా తింటోందని చెప్పింది. నా మీద కోపంతో తింటోందట. ఏ కారణంతో తిన్నా సరే.

గ్రాముల మేడమ్ పుస్తకంలో పాలడబ్బాలన్నీ రాశాను. మొదటి నుంచీ.

జూన్ 30

కోటు బాగుచేశాను. చెయ్యి కొత్తగా వేశాను. పక్కల నల్లదారం విప్పేసి, అంతే వదులుగా, నీలం దారంతో కుట్టాను. బిగించలేదు. తన ఒళ్ళు తన ఇష్టం. అత్తయ్య చేత పంపించాను. జవాబు లేదు.

జూలై 4

శనివారం.

బడి వదిలే వేళకి తలుపు దగ్గర నీడ పడింది. చిట్టి. చెయ్యి మెడలో వేలాడుతోంది, కోటు భుజాన వేసుకుంది. నా వైపు చూడలేదు. తన స్టూలు మీద కూచుని, ఒంటిచేత్తో టిఫిన్ డబ్బా మూత తీయడానికి అవస్థ పడింది. వెళ్ళి తీశాను. వద్దనలేదు, థాంక్స్ కూడా చెప్పలేదు. తినడం మొదలుపెట్టింది.

నా డబ్బా కూడా తెచ్చుకుని ఎదురుగా కూచున్నాను. నాలుగు చెంచాల అన్నం, పిసికిన కూర. మెల్లగా నమిలాను. మూడో చెంచాకి గొంతులో ఆగింది. అలవాటుగా పరదా వైపు లేవబోయి, లేవలేదు. అక్కడే, తన ముందే, రుమాల్లోకి ఉమ్మేశాను. చెవులు కాలిపోయాయి. చిట్టి చూసింది. తన డబ్బాలోకి తల దించుకుని తింటూ ఉంది.

అప్పుడే బ్యాంకావిడ. వెనక ఇంకొకావిడ, బాగా ఒళ్ళున్న మనిషి, లోపలికి రావడానికి మొహమాటపడుతోంది.

"మా అక్కండీ. మీ సంగతి చెబితే చూడాలని వచ్చింది. ఏం చేసి తగ్గారో మీరే చెప్పండి, నేను చెబితే నమ్మట్లేదు."

"వా..." అంది నా నోరు. దానంతటదే.

స్టూలు మీద చెంచా చప్పుడు ఆగిపోయింది. నేనటు చూడలేదు. చూడాల్సిన పని లేదు, ఆ చెంచా గాల్లో ఎక్కడ ఆగిందో కూడా చెప్పగలను. ఆ పెద్దావిడ ముఖం చూశాను. పాపం, ఆశగా చూస్తోంది.

"ఆపరేషనండీ" అన్నాను.

బ్యాంకావిడ చెయ్యి ఊపింది. "అయ్యో అదెప్పటి సంగతో కదా. గర్భసంచిది. అది కాదండీ, తగ్గడానికి ఏం చేశారని."

"గర్భసంచి కాదు. పొట్టకి చేయించుకున్నాను, తగ్గడానికే. మీకు నేను నడక అని చెప్పింది అబద్ధం. కూచోండి, చెబుతాను."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. బ్యాంకావిడ ముఖం మాడిపోయింది. రేపటికి వీధంతా తెలుస్తుంది. సిగ్గు పోతుందనుకున్నాను చెప్పేస్తే. పోలేదు. చెవులు కాలుతూనే ఉన్నాయి. పెద్దావిడ మాత్రం కుర్చీ లాక్కుని కూచుంది.

నా వెనక, డబ్బాలో చెంచా మళ్ళీ కదిలింది.